మోటారుకారెక్కిన తల్లి

వాన.

రేకుల మీద వాన. పడవల మీద వాన. బొగ్గు కుప్పల మీద పడి, నల్లబడి, వీధిలోకి నడిచొచ్చే వాన.

కీలుంగ్ రేవులో ఎండ చుట్టం. వాన ఇంటి మనిషి.

ఆ వానలో ఆఖిమ్ చారు మరిగేది. చేప ఉండల చారు. సినిమా హాలుకు ఎదురుగా, గుడ్డ పందిరి కింద, ఒక పొయ్యి, ఒక పెద్ద కుండ, రెండు బల్లలు. ఆవిరి పైకి లేచేది... వాన కిందికి దిగేది... రెండూ పందిరి అంచు దగ్గర ఒకదాన్నొకటి తాకేవి.

ఆ ఆవిరిలోంచే ఆమె తన కూతురిని చూసుకునేది.

ఆమె తల్లి అని కూతురికి తెలియదు.

సుయీ రోజూ వచ్చేది. మోకుల కొట్టు గో వారింటి పిల్ల. పదహారేళ్ళది. ఒక చేతిలో మూతగిన్నె, ఇంకో చేతిలో కాగితం గొడుగు. పందిరి కిందికి రాగానే గొడుగు దులిపి, ఎదుటివాళ్ళ మీద నీళ్ళు పడ్డాయేమో చూసి, నాలుక కరుచుకునేది.

“పిన్నీ, అత్తకి కొత్తిమీర వద్దు. నాకు మాత్రం దండిగా వెయ్యి.”

పిన్ని.

అమ్మకి ఒక్క మెట్టు కింద ఉన్న మాట. ఆ మెట్టు మీదే ఆఖిమ్ ఇన్నేళ్ళుగా కూర్చుని ఉంది. పైకి ఎక్కాలని అనుకోలేదు. కిందికి దిగమని ఎవరూ అనకపోతే చాలనుకుంది.

ఆమె మొగుడు బొగ్గు మోసేవాడు. పడవ నుంచి ఓడ మీదికి వేసిన పలక మీద, తల మీద గంపతో, రోజంతా నడిచేవాడు. తడిసిన పలక. ఒకరోజు కాలు జారింది. గంప వెంటనే తేలింది. మనిషి మూడోనాటికి గానీ తేలలేదు.

ఒళ్ళో నెలల పిల్ల. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు.

మోకుల కొట్టు వాళ్ళకి ఒక కొడుకు. వాడికి పెళ్ళాంగా పెంచుకోవడానికి వాళ్ళకో ఆడపిల్ల కావాలి. ఆ ఊళ్ళో అది వింత కాదు. పాలు తాగే పిల్లను తెచ్చుకుని, కోడలిగానే పెంచి, ఈడు రాగానే పెళ్ళి చేస్తారు. గో అమ్మగారు చెడ్డది కాదు. ఒక్కటే కోరింది. కన్నతల్లి ఎవరో పిల్లకి తెలియకూడదు. రెండు గుమ్మాల పిల్ల ఏ గుమ్మంలోనూ నిలవదు — అంది.

ఆఖిమ్ ఒట్టేసింది. ఆ చిన్న తల మీదే చెయ్యి పెట్టి ఒట్టేసింది.

కానీ పిల్ల పరాయి రొమ్ము పట్టలేదు. గంజి పోస్తే ఉమ్మింది. ఏడ్చి ఏడ్చి నీలంగా మారింది. చివరికి గో అమ్మగారే కబురు పెట్టింది. సందెవేళ దొడ్డిదారిన రమ్మంది. ముఖానికి గుడ్డ కట్టుకుని రమ్మంది — పిల్ల ముఖం గుర్తుపడితే మళ్ళీ కష్టమని.

వెళ్ళింది. సందె సందెకీ వెళ్ళింది. మోకుల పీచు వాసన కొట్టే ఆ చీకటి గదిలో, ముఖానికి గుడ్డ కట్టుకుని, కన్నబిడ్డకి ఎవరో మనిషిలా పాలిచ్చింది. 

పిల్ల ముఖం కోసం వెతకలేదు. వాసన పట్టింది. తాగింది.

పళ్ళు వచ్చాయి. గంజి అలవాటైంది. ఇక రావద్దన్నారు.

ఆ గుడ్డ కట్టుకున్న మనిషి సంగతి గో వారింట్లో వేళాకోళంగా మిగిలిపోయింది. నీకు పాలిచ్చింది ముఖం లేని మనిషి, అందుకే నీకింత సిగ్గు — అని అత్త ఏడిపించేదట. సుయీ ఒకసారి చారు కోసం ఎదురుచూస్తూ, ఆ ముచ్చట ఆఖిమ్‌కే చెప్పి నవ్వింది.

ఆఖిమ్ కూడా నవ్వింది.

నవ్వి, కుండ వైపు తిరిగింది.

*

ఆ రోజుల్లో సినిమా బొమ్మలకి నోరు లేదు.

తెర మీద మనుషులు పెదవులు కదిపేవారు, ఏడ్చేవారు, గుర్రాలెక్కి పారిపోయేవారు. అన్నీ మూగగా. తెర పక్కన చిన్న బల్ల వేసుకుని, దీపం పెట్టుకుని, ఒక మనిషి వాళ్ళందరికీ నోరు ఇచ్చేవాడు.

కీలుంగ్‌లో ఆ నోరు లియావు మేష్టారిది.

దీవి అంతా జపాను దొరల ఏలుబడి. హాల్లో పై అంతస్తు వాళ్ళది. కింద బల్లలు ఊరివి. వెనక ఎత్తు కుర్చీలో ఒక పోలీసు — మేష్టారు కథ మధ్యలో దొరల మీద ఏదైనా విసురుతాడేమోనని చెవులు రిక్కించుకుని. లియావు విసిరేవాడు. పోలీసు ముఖం చిట్లించే లోపల ఆ మాట కథలో కలిసిపోయేది. కింద బల్లలు నోరు మూసుకుని నవ్వేవి.

ఏ దేశపు బొమ్మైనా సరే. అమెరికా గుర్రమైనా సరే. లియావు నోట్లో పడితే కీలుంగ్ యాసలోనే సకిలించేది.

ఆట మొదలయ్యే ముందు ఆయన భోజనం ఆఖిమ్ దగ్గరే. గొంతు కోసం ఆమె విడిగా అల్లం నీళ్ళు కాచి పెట్టేది. అక్కా అనేవాడు. తినేటప్పుడు మాట్లాడడు. చూస్తాడు. మనుషుల చేతులు చూస్తాడు, నడకలు చూస్తాడు, ఎవరు ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటారో చూస్తాడు. రేపు తెర మీది ఏ దొరసానికో ఆ ఊపిరి అరువిస్తాడు.

ఒక మధ్యాహ్నం గాలివాన. ఆట లేదు. వీధిలో మనిషి లేడు. పందిరి గుడ్డ పడవ తెరచాపలా కొట్టుకుంటోంది. అంత వానలోనూ సుయీ వచ్చింది, గిన్నె నింపించుకుంది, తడుస్తూనే పరుగెత్తింది.

లియావు గిన్నెలోంచి తలెత్తాడు.

“ఆ పిల్లకి వడ్డించేటప్పుడు నీ గరిట వణుకుతుందెందుకక్కా?”

పదహారేళ్ళలో ఎవరూ అడగలేదు.

అడిగిన గొంతు మెత్తగా ఉంది. ఊరందరికీ ఏడుపు ఇచ్చే గొంతు... తనకి కాస్త జాగా ఇచ్చినట్టనిపించింది. వాన చుట్టూ గోడ కట్టింది. ఆఖిమ్ చెప్పింది. పలక గురించి చెప్పింది. ఒట్టు గురించి చెప్పింది. గుడ్డ గురించి — ఆ గుడ్డ లోపల తన ఊపిరే తనకి వేడిగా తగలడం గురించి, పాలు తాగుతూ పిల్ల ఆ గుడ్డ కొస పిడికిట పట్టుకోవడం గురించి — అంతా చెప్పింది.

చెప్పాక భయమేసింది.

“ఎవరితోనూ అనకండి మేష్టారూ.”

“చెప్పడం నా పనక్కా,” అన్నాడు లియావు. “చెప్పకుండా ఉండడం కూడా ఆ పనిలో భాగమే.”

ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. ఇన్నేళ్ళ బరువు ఇంకో భుజం మీదికి మారినట్టు. 

*

ఆ చలికాలం ఒక బొమ్మ వచ్చింది. ఎక్కడో మంచు కురిసే దేశపు బొమ్మ. దానితో రావలసిన కథ కాగితం రాలేదు. మధ్య మధ్య వచ్చే రాతలు ఎవరికీ తెలియని లిపి. పొడుగాటి ఆడమనిషి, బొచ్చు కోటు, ఒక పసిబిడ్డ, ఒక పెద్ద ఇంటి గుమ్మం, ఒక మోటారుకారు.

కథ ఏమిటో లియావుకీ తెలియదు.

హాల్లో అప్పటికే సగం బల్లలు ఖాళీగా ఉంటున్నాయి. ఇంకో ఊరి నుంచి పడుచు గొంతును తెస్తానని హాలు యజమాని అంటున్నాడు. ఇవన్నీ ఆఖిమ్‌కి తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం ఆమెకి తెలిసింది ఒక్కటే. లియావు అల్లం నీళ్ళు తాగి, పెదవులు తుడుచుకుని, ఎప్పుడూ లేనిది —

“రేపు నువ్వు రావాలక్కా. పొయ్యి ఎవరికైనా అప్పగించి రా. నీకు చోటు ఉంచుతాను,” అన్నాడు.

ముఖంలో కపటం లేదు. ఏదో కానుక తెచ్చినవాడి ముఖంలా ఉంది.

వెళ్ళింది. ఉతికిన రవిక వేసుకుని వెళ్ళింది. ఊరంతా వచ్చింది. రెండు వరసల ముందు గో అమ్మగారు, పక్కన సుయీ. పిల్ల వెనక్కి తిరిగి, పిన్నిని చూసి, నవ్వి చెయ్యి ఊపింది.

దీపాలు ఆరాయి.

తెర మీద మంచు. తెల్లగా, ఆగకుండా, చప్పుడు లేకుండా.

“ఈమె పేరు చెప్పను,” అన్నాడు లియావు. “ఓడకి బొగ్గు మోసేవాడి పెళ్ళాం. అంతే.”

ఆఖిమ్ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి.

పలక వచ్చింది. గంప తేలడం వచ్చింది. తెర మీద దొరసాని పెద్ద ఇంటి గుమ్మంలో బిడ్డని దించుతోంది — ఒట్టు వచ్చింది. మాట మాటా తనదే. తను ఆగిన చోటే ఆయన ఆగుతున్నాడు. తను మింగిన చోటే మింగుతున్నాడు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. ఎవరో ముసలాయన బాహాటంగా ఏడుస్తున్నాడు.

దొరసాని టోపీ నుంచి నల్లటి వల ఒకటి ముఖం మీదికి జారింది. ఆ వలతోనే ఆమె దొంగచాటుగా బిడ్డ గదిలోకి వచ్చింది. ఉయ్యాల మీదికి వంగింది.

“ముఖానికి గుడ్డ,” అన్నాడు లియావు. గొంతు దాదాపు గుసగుస. “కన్నబిడ్డకి పరాయిదానిలా... ముఖానికి గుడ్డ కట్టుకుని పాలిచ్చింది. బిడ్డ ఆ గుడ్డ కొస పిడికిట పట్టుకుంది.”

రెండు వరసల ముందు సుయీ వీపు నిటారుగా అయింది.

గో అమ్మగారి చెయ్యి వచ్చి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

కథ అక్కడ ఆగి ఉంటే... ఆగలేదు. బొమ్మ ఇంకా ఉంది. బొమ్మలో మోటారుకారు ఉంది. కారులో మీసాల మగవాడు. దొరసాని ఇంటి మెట్లు దిగి, కారెక్కి, అతని పక్కన కూర్చుంది. కారు కదిలింది. మంచులో చక్రాల గీతలు.

కథ చెప్పేవాడు దానికీ మాట చెప్పాలి కదా.

చెప్పాడు. ఎన్నాళ్ళని విధవగా ఉంటుంది, పడుచు మనిషి — అన్నాడు. ఒక చెవిలో బిడ్డ ఏడుపు, ఇంకో చెవిలో కొత్త మగవాడి పిలుపు — అన్నాడు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు, వెళ్ళిపోయింది — అన్నాడు.

హాలు ఊపిరి బిగబట్టింది.

తర్వాత ఛీ అంది.

ఒక గొంతు కాదు. బల్లలన్నీ. తన చారు తాగే నోళ్ళన్నీ. తల్లేనా అది, అని ఒకామె. పాలిచ్చిన రొమ్ము కోసుకోవాలి, అని ఇంకొకామె. కన్నీళ్ళతోనే తిట్టారు. 

ఆఖిమ్ లేచి, చీకట్లో గోడ తడుముకుంటూ, బయటికి వచ్చింది.

వాన అక్కడే ఉంది.

ఆట వదిలాక జనం ఆమె పందిరి కిందికే వచ్చారు. ఏడ్చినవాళ్ళకి ఆకలి ఎక్కువ. గిన్నెల మీద వంగి, ఎర్రబడ్డ కళ్ళతో, ఆ తల్లి గురించే మాట్లాడుకున్నారు. అలాంటిది మన ఊళ్ళో ఉంటుందా అన్నారు. ఆ దేశాల్లో ఉంటారులే అన్నారు. ఇంకో గరిట పొయ్యి ఆఖిమ్ అన్నారు.

పోసింది.

*

జనం పలచబడ్డాక గో అమ్మగారు వచ్చింది. ఒంటరిగా. కూర్చోలేదు. గొంతు పెంచలేదు.

“పిల్ల తల మీద చెయ్యేసి చెప్పావు.”

“అమ్మగారూ, నేను...”

“ఇంకో రెండు నెలల్లో పెళ్ళి. ఇన్నేళ్ళూ కళ్ళ ముందు తిరగనిచ్చాను నిన్ను. రోజూ పంపించాను. నువ్వడగకపోయినా పంపించాను. నాకిదా?”

ఆఖిమ్‌కి అప్పుడు తెలిసింది. ప్రతిరోజూ ఆ గిన్నె తనంతట తాను రాలేదు. గో అమ్మగారికి చేప ఉండలంటే అంత ఇష్టమేమీ కాదు.

తన గుట్టు ఒకరు అమ్మేశారు. కానీ గో అమ్మగారి కళ్ళల్లోకి చూస్తే... అమ్మేసింది తనే.

మర్నాటి నుంచి మూతగిన్నె రాలేదు.

ఆ పొద్దునే ఆఖిమ్ హాలు వెనక గుమ్మంలోంచి వెళ్ళింది. లియావు అద్దం ముందు గొంతు సవరించుకుంటున్నాడు. ఆమెను చూసి సంతోషంగా లేచాడు.

“చూశావా అక్కా? ఊరంతా నీ కోసం ఏడ్చింది.”

“ఊరంతా నన్ను తిట్టింది మేష్టారూ.”

పేరు చెప్పలేదు కదా అన్నాడు. ఏ తల్లి కథ అయినా అంతే కదా అన్నాడు. బల్లలు ఖాళీగా ఉంటే నా చోటే పోతుంది, నీకు తెలియదు అన్నాడు. నిజంగానే తనూ ఏడ్చానన్నాడు — అది మాత్రం ఆమె నమ్మింది.

“ఆ కారు మాట తీసెయ్యండి.”

“కారు ఎలా తీస్తానక్కా? బొమ్మలో ఉంది.”

“మాట మార్చండి. అన్నో తమ్ముడో వచ్చి తీసుకుపోయాడనండి. ఏదో ఒకటి అనండి. మీకు చేతకాదా?”

లియావు తలవంచుకున్నాడు. మారుస్తాను, అన్నాడు. ఈ రోజే మారుస్తాను.

ఆ మధ్యాహ్నం ఆమె పొయ్యి దగ్గర నిలబడి హాలు చెక్కగోడల్లోంచి వచ్చే గొంతు విన్నది. వాన మధ్యలోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. పలక... ఒట్టు... గుడ్డ... కారు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఎత్తుకుంది. నిన్నటికంటే బాగా ఎత్తుకుంది. కొత్త మగవాడి చేతికి ఈసారి ఒక పట్టు రుమాలు కూడా ఇచ్చాడు.

హాలు ఛీ అంది.

అల్లం నీళ్ళు కాగి కాగి అడుగంటాయి. ఆమె గమనించలేదు. 

*

సుయీ వచ్చింది.

ఎన్ని రోజులకో. గిన్నె లేకుండా. గొడుగు దులపకుండా. పందిరి అంచున, సగం వానలో నిలబడింది.

పిన్నీ అనలేదు.

“కారులో ఆయన ఎవరండీ?”

అండీ.

ఆ ఒక్క మాటతో ఆఖిమ్ ఇన్నేళ్ళ మెట్టు మీంచి దిగి వీధిలో పడింది.

“నేను కారెక్కలేదమ్మా. ఈ జన్మలో ఎక్కలేదు.”

“ఆ ఆట చూసినప్పటి నుంచి అత్త నన్నిక్కడికి పంపడం లేదు. ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చింది మీరేనా?”

కాదనాలి. ఒట్టు ఉంది. కాదంటే... ఆ గుడ్డ కొస పట్టుకున్న పిడికిలిని కాదన్నట్టు.

“నేనే.”

“వాళ్ళింట్లో నన్ను దించిందీ మీరేనా?”

“నేనే.”

“మరి అంతా నిజమై, కారు ఒక్కటీ అబద్ధమా?” సుయీ గొంతులో కోపం లేదు. లెక్క తేలక అలిసిపోయినతనం ఉంది. “చూశానండీ. కళ్ళారా చూశాను. మీరు వెనక్కి కూడా చూడలేదు.”

అది నేను కాదు, ఎక్కడో మంచు దేశపు మనిషి, నా ముఖం చూడు, నా చేతులు చూడు, ఇవి కాలిన చేతులు... అనాలి. మాటలు వరసగా వచ్చాయి. కానీ ఆమె కథ ఆమె నోట్లో లేదు. దాన్ని ఇంకొకరు ఇంత బాగా చెప్పేశాక, తన నోట అది మూగబొమ్మలా పెదవులు మాత్రమే కదిపింది.

“చారు తాగి వెళ్ళు. తడిశావు,” అంది చివరికి.

సుయీ తల అడ్డంగా ఊపింది. వానలోకి నడిచింది. పరుగెత్తలేదు.

*

బొమ్మ రేపటి ఓడలో దక్షిణ రేవుకి వెళ్ళిపోతుందన్నారు. ఇదే చివరి ఆట.

టికెట్లు చింపే ముసలావిడ చారు తాగుతూ చెప్పింది — మోకుల కొట్టు పిల్ల రోజూ వస్తోందట. ఇంట్లో ఏం చెప్పి వస్తోందో. ఒంటరిగా మూడో వరసలో కూర్చుని, కారు వెళ్ళిపోయేదాకా చూసి, దీపాలు వెలగకముందే లేచిపోతోందట.

ఆఖిమ్ పొయ్యిలో నీళ్ళు పోసింది.

హాలు కిక్కిరిసి ఉంది. తడి బట్టల వాసన, వేరుశనగ పొట్టు, సిగరెట్ల పొగ. ఆమె వెనక గోడకి ఆనుకుని నిలబడింది. మూడో వరసలో సుయీ జడ కనిపిస్తోంది.

మంచు మొదలైంది. పలక, గంప, ఒట్టు. లియావు గొంతు ఇప్పుడు బాగా అరిగిన మెట్టులా నున్నగా ఉంది. ఆగే చోట ఆగుతోంది. మింగే చోట మింగుతోంది. ఆ ఏడుపులో ఇక ఏడుపు లేదు.

గుడ్డ వచ్చింది. గుడ్డ కొస వచ్చింది.

కారు వచ్చింది.

“ఒక్కసారి... ఒక్కసారైనా వెనక్కి —”

“నేనెక్కడికీ వెళ్ళలేదు.”

ఆఖిమ్ గోడ వదిలి, బల్లల మధ్యకి వచ్చి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. బొమ్మ వెలుగు ఆమె తల వెనకనుంచి కొట్టి, తెర మీద, మంచులో, ఆమె నీడ నల్లటి ముద్దగా పడింది.

“నేనెక్కడికీ వెళ్ళలేదు సుయీ. ఇక్కడే ఉన్నాను.”

లియావు ఒక ఊపిరి సేపు ఆగాడు. దీపం వెనక అతని ముఖం ఆమెకి కనిపించింది. ఆమెను గుర్తుపట్టాడు. హాలంతా అటు తిరిగింది. అతను ఒక్క మాట అనవచ్చు. ఒక్క మాట.

గొంతు ఎత్తుకున్నాడు. వందలమంది దగ్గునీ గుసగుసనీ అణచడం నేర్చిన గొంతు. కారు వేగం పెంచిందన్నాడు. కొత్త మగవాడు నవ్వాడన్నాడు.

“కూర్చోవమ్మా,” అన్నారు ఎవరో. “కథ వినపడడం లేదు.”

“అడ్డం లే.”

“ఎవరా ఆడమనిషి?”

“చారు మనిషే. పిచ్చి పట్టినట్టుంది.”

వెనక ఎత్తు కుర్చీలోంచి పోలీసు బూట్ల చప్పుడు, ఒక్కో మెట్టూ దిగుతూ.

తెర మీద కారు మలుపు దగ్గరికి వెళ్తోంది. మూడో వరసలో జడ కదిలిందో... వెలుగే కదిలిందో...

లియావు చెబుతూనే ఉన్నాడు.

రేకుల మీద వాన. తెర మీద మంచు.

ఆఖిమ్ కూర్చోలేదు.